రెజిన్ మనుషులకు రంగు నిలవకపోతే: మోడల్ రైల్వే బొమ్మల సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మోడల్ రైల్వేల్లో హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, నిజం కొలతలో 87వ వంతు. అయిదడుగుల ఆరంగుళాల మనిషి ఈ స్కేల్లో 19 మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటాడు. ముఖం, చొక్కా మడతలు, చంకలో సంచి అన్నీ అంతలోనే ఇమడాలి. 0.1 మిల్లీమీటరు మందాన రంగు పడిందంటే, నిజం మనిషి ఒంటికి దాదాపు 9 మిల్లీమీటర్ల పూత వేసినట్టు లెక్క. అందుకే పెద్ద బొమ్మ మీద కనపడని లోపం ఇక్కడ కొట్టొచ్చినట్టు కనపడుతుంది. రంగు వేసేటప్పుడు బయటపడే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం అంతకు ముందే, కడగడం, ఆరబెట్టడం, అరగదీయడం దగ్గరే మొదలవుతాయి. కాబట్టి రంగు డబ్బాను మార్చే ముందు ఆ మూడు పనులూ సరిగ్గా జరిగాయో లేదో చూసుకోండి.

ఇంకో సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. రెజిన్ అంటే మొదట ద్రవంగా ఉండి తర్వాత గట్టిపడే ప్లాస్టిక్. మీ చేతిలో ఉన్నది సిలికాన్ అచ్చులో పోసిన పాలియురేథేన్ బొమ్మా, లేక 3డి ప్రింటర్‌లో వచ్చిన బొమ్మా? అచ్చు బొమ్మకు పక్కల వెంట సన్నటి అతుకు గీత ఉంటుంది. ప్రింట్ బొమ్మకు అడుగునో వీపునో సపోర్టులు (ప్రింటయ్యేటప్పుడు బొమ్మను మోసే సన్నటి పుల్లలు) తుంచిన చుక్కలు ఉంటాయి. సమస్య ఒకేలా కనిపించినా ఈ రెంటికీ వైద్యం వేరు.

రంగు ఒకచోట నిలవదు, లేదా గోరు తగిలితే పెచ్చులూడుతుంది

కారణం: అచ్చు నుంచి బొమ్మ తేలిగ్గా ఊడిరావడానికి పూసే జిడ్డు ఇంకా పోలేదు. మన వేళ్ల నూనె కూడా దానికి తోడవుతుంది. తామరాకు మీద నీటిబొట్టులా రంగు జారి విడిపోయేది అందుకే.

చేయాల్సింది: గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపి, మెత్తటి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. చంకల కింద, కాళ్ల సందుల్లో, పెట్టె పిడి వెనక జిడ్డు దాక్కుంటుంది, బ్రష్ అక్కడికి వెళ్లాలి. బొమ్మలు సింకులో కొట్టుకుపోకుండా టీ వడపోసే జాలీలో వేసి కడగడం మేలు. తర్వాత మంచి నీళ్లతో జాడించి రాత్రంతా ఆరనివ్వండి. ఆరాక ఒక నీటి చుక్క వేసి చూడండి. పల్చగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టే. గుండ్రంగా నిలబడితే మళ్లీ కడగాలి.

ఆ తర్వాత ఒంటికి చెయ్యి తగలకూడదు. మడమలో సన్నటి తీగ గుచ్చి, దాన్ని సీసా కార్కుకు దిగేసి పట్టుకోండి. ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే పూత) లేకుండా యాక్రిలిక్ రంగు నేరుగా రెజిన్ మీద వేస్తే ఎంత శుభ్రంగా కడిగినా గట్టిగా పట్టదు.

ఇప్పటికే రంగు పడిపోయిందా? యాక్రిలిక్ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాసేపు ఉంచి బ్రష్‌తో తీసేయొచ్చు. పూట పూటంతా నానబెట్టకండి, సన్నటి చేతులు మెత్తబడతాయి. హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్, అసిటోన్ జోలికి అసలు పోవద్దు. అవి రెజిన్‌నే తినేస్తాయి.

ప్రింట్ బొమ్మ వేలికి అంటుకుంటోంది

కారణం: గట్టిపడని రెజిన్ పైన మిగిలింది. కడగడం చాలలేదు, లేదా కడిగే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడివాడి మురికిపట్టింది. శుభ్రంగా కడిగినా జిగురుగానే ఉంటే, గాలిలోని ఆక్సిజన్ పై పొరను గట్టిపడనివ్వడం లేదని అర్థం.

చేయాల్సింది: రెండు డబ్బాలు పెట్టుకోండి. మొదటి దాంట్లో వాడిన ఆల్కహాల్, రెండో దాంట్లో కొత్తది. ఒక్కో దాంట్లో రెండేసి నిమిషాలు కదిలించి తీసి, పూర్తిగా ఆరాకే ఎండలో గానీ 405 నానోమీటర్ల దీపం (రెజిన్‌ను గట్టిపరిచే ఊదా కాంతి) కింద గానీ పెట్టండి. అప్పటికీ జిగురు పోకపోతే గాజు గ్లాసులో నీళ్లు పోసి, బొమ్మను ముంచి, ఆ గ్లాసును ఎండలో ఉంచండి. నీళ్లు ఆక్సిజన్‌ను అడ్డుకుంటాయి. అలాగని రోజంతా వదిలేయకూడదు. అతిగా కాలితే పసుపుపచ్చగా మారి పెళుసెక్కుతుంది, చెయ్యి పటుక్కున విరుగుతుంది.

ఆల్కహాల్ తడి ఆరకుండానే ఎండలో పెడితే మడతల్లో సున్నం పట్టినట్టు తెల్లటి మచ్చలు వస్తాయి. వాటిని కొత్త ఆల్కహాల్‌లో ముంచిన బ్రష్‌తో తుడిచి, ఆరాక ప్రైమర్ వేస్తే సరిపోతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పచ్చి రెజిన్ చర్మానికి మంచిది కాదు. మొదట్లో ఏమీ కాకపోయినా, తగలగా తగలగా ఎలర్జీ మొదలవుతుంది. నైట్రైల్ గ్లోవ్స్ తప్పనిసరి. కడిగిన ఆల్కహాల్‌ను సింకులో పారబోయకండి. కాంతి చొరబడే పారదర్శక డబ్బాలో ఎండలో పెడితే రెజిన్ అడుగున గట్టిపడుతుంది, ఆ గట్టిపడిన రెజిన్‌ను వడకట్టి పారేయొచ్చు. ఎండలో పెట్టేది నిప్పంటుకునే ద్రవం. పొయ్యికి, పిల్లలకు దూరంగా ఉంచండి.

ప్రైమర్ వేశాక అతుకు గీతలు, మెట్లు, గుంటలు బయటపడ్డాయి

ప్రైమర్ ఆ పని కోసమే ఉంది, కంగారు పడకండి. అతుకు గీతను కొత్త బ్లేడు అంచును నిలువుగా పట్టి గీకాలి, కోయకూడదు. గుంటలు అచ్చులో చిక్కుకున్న గాలి బుడగలవి. చిన్న గుంటలో టూత్‌పిక్ మొనతో చిక్కటి ప్రైమర్ నింపండి, పెద్దదైతే పుట్టీ పెట్టండి. మెట్లు ప్రింటర్ పొరలవి. 0.05 మిల్లీమీటర్ల పొర హెచ్‌ఓలో నాలుగు మిల్లీమీటర్ల పైమాటే, కాబట్టి భుజాల మీద, టోపీ మీద కనిపించి తీరుతుంది. మళ్లీ ప్రింట్ చేయించగలిగితే పొరను 0.03కు తగ్గించి, బొమ్మను కాస్త ఏటవాలుగా పెట్టమనండి. లేదంటే 800 నంబరు వాటర్ పేపర్‌ను తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాస్కు ఉన్నా తడిపే రుద్దాలి.

ప్రైమర్ ఇసుక చల్లినట్టు గరుకుగా పడింది

మన వేసవిలో ఇది మామూలే. నలభై డిగ్రీల ఎండలో స్ప్రే తుంపర బొమ్మను చేరేలోపే గాలిలో ఆరిపోయి పొడిలా పడుతుంది. పొద్దున్నే చల్లటి వేళ, 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరం నుంచి, చిన్న చిన్న విదిలింపులుగా వేయండి. డబ్బాను ముందు బాగా గిలకొట్టాలి. గరుకు పడిపోయిన దాన్ని గట్టి బ్రష్‌తో పొడిగా రుద్దితే కొంత పోతుంది. ముఖం మీద పడితే మాత్రం ప్రైమర్ మొత్తం తీసేసి మళ్లీ వేయడమే నయం.

కాళ్లు వంగిపోయాయి

అచ్చు బొమ్మను బాగా వేడిగా ఉండి ఇంకా మరగని నీళ్లలో అర నిమిషం ముంచి, చీలమండ దగ్గర మెల్లగా సరిచేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో పెట్టండి. అక్కడే బిగుసుకుంటుంది. పూర్తిగా గట్టిపడిన ప్రింట్ బొమ్మ ఇంతగా లొంగదు, బలవంతం చేస్తే విరుగుతుంది.

జిగురు పట్టలేదు, లేదా అతుకు చుట్టూ తెల్లటి మసక వచ్చింది

ప్లాస్టిక్ కిట్లకు వాడే 'సిమెంటు' అనే జిగురు పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికిస్తుంది. రెజిన్‌ను అది కరిగించలేదు. ఫెవిక్విక్ లాంటి సైనోయాక్రిలేట్ గానీ రెండు ట్యూబుల ఎపాక్సీ గానీ వాడాలి. తెల్ల మసక సైనోయాక్రిలేట్ ఆవిరి వల్ల వస్తుంది, గాలి కదలని చోట ఎక్కువ. సూది మొనతో ఒక్క చుక్క పెట్టి, గాలి ఆడే చోట ఆరనివ్వండి. వచ్చిన మసక చివర్లో వేసే మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కింద చాలావరకు మాయమవుతుంది. విరిగిన చెయ్యి మళ్లీ మళ్లీ ఊడుతుంటే జిగురు పెంచకండి. సన్నటి రంధ్రం వేసి అర మిల్లీమీటరు ఇత్తడి తీగ దించండి.

ముఖాలు బూడిద పూసుకున్నట్టు ఉన్నాయి, కళ్లు బెదిరినట్టు ఉన్నాయి

అన్నిటికన్నా ఓపిగ్గా చూడాల్సింది ఇదే. స్టేషన్‌కు ప్రాణం పోసేది ముఖాలే.

దుకాణంలో దొరికే 'ఫ్లెష్' రంగు గులాబీ ఛాయలో ఉంటుంది, అది ఐరోపా బొమ్మల కోసం తయారైనది. మన ప్లాట్‌ఫారం మీది మనిషి కోసం చాలామంది గోధుమ రంగు తీసుకుని, వెలుగు కోసం తెలుపు, నీడ కోసం నలుపు కలుపుతారు. బూడిద ఛాయ అక్కడే వస్తుంది. వెలుగుకు తెలుపు బదులు ఓకర్ (మట్టి పసుపు) గానీ కొద్దిగా నారింజ గానీ కలపండి. నీడకు ఎర్రమట్టి గోధుమలో చిటికెడు ముదురు నీలం వేయండి. ఇరవై మందికీ ఒకే ఛాయ పూయకండి. ఒకే సీసా రంగులో ఒకరికి ఓకర్ ఎక్కువ, ఒకరికి ఎరుపు ఎక్కువ కలిపినా గుంపు సహజంగా కనిపిస్తుంది.

కళ్ల సంగతి. మూడు సెంటీమీటర్ల కన్ను హెచ్‌ఓలో 0.35 మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాంట్లో తెల్లగుడ్డు, నల్లగుడ్డు వేస్తే దయ్యం చూసినట్టే ఉంటుంది. కంటి గుంటలో నీళ్లలా పల్చబరిచిన గోధుమ రంగు (వాష్) దిగనిచ్చి, ముక్కు మీద, చెంప మీద ఒక్కో వెలుగు చుక్క పెట్టి ఆపేయండి. చెయ్యి చాచినంత దూరం నుంచి చూసి నిర్ణయించండి. భూతద్దం కింద బాగున్న ముఖం ఆ దూరంలో బాగుంటుందన్న హామీ లేదు.

కూలీ చొక్కా ఎర్రబడటం లేదు, చీర అంచు వంకరపోతోంది

ఎరుపు, పసుపు రంగులు కింది రంగును దాచలేవు. బూడిద రంగు ప్రైమర్ మీద ఎన్ని పూతలేసినా మందం పెరుగుతుందే కానీ ఎరుపు రాదు. ముందు ఇటుక రంగు పల్చగా వేసి దాని మీద ఎరుపు వేయండి, రెండు పూతల్లో అయిపోతుంది. భుజానికి ఇత్తడి బిళ్ల చుక్క పెట్టడం మరిచిపోకండి.

అంచును గీతలా గీయాలనుకుంటే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా కష్టమే. ముందు కుచ్చిళ్ల అడుగున అంచు రంగును వెడల్పుగా పూసేయండి. ఆరాక చీర రంగును పైనుంచి కిందికి తెచ్చి, వెంట్రుకంత అంచు మిగిల్చి ఆపండి. గీత వంకరైతే ఏ రంగుతోనైనా సవరించుకోవచ్చు.

టీటీఈ కోటుకు అచ్చమైన నలుపు, గార్డుకు (2022 నుంచి ట్రైన్ మేనేజర్) అచ్చమైన తెలుపు వాడకండి. ఇంత చిన్న బొమ్మ మీద అవి కంటికి గుచ్చుకుంటాయి. ముదురు బూడిద, మీగడ తెలుపు చాలు.

వార్నిష్ వేశాక మంచు పట్టినట్టు తెల్లబడింది

కారణం: గాలిలో తేమ, లేదా సీసా అడుగున పేరుకున్న మ్యాట్ పొడి సరిగ్గా కలవకపోవడం. వానాకాలంలో కోస్తా వైపు ఉన్నవాళ్లకు మొదటిది బాగా తెలుసు. ముసురు పట్టిన రోజు స్ప్రే పెట్టుకోకండి, తప్పకపోతే బ్రష్‌తో వేయండి. తెల్లబడిన బొమ్మ పాడైపోలేదు. పొడిగా ఉన్న రోజు పల్చగా గ్లాసీ (మెరిసే) వార్నిష్ వేస్తే తెలుపు చాలావరకు కరిగిపోతుంది. అది పూర్తిగా ఆరాక మళ్లీ మ్యాట్ వేయండి.

అంతా బాగుంది కానీ రైలు పక్కన పొసగడం లేదు

బ్రిటన్ ఓఓ స్కేలు 1:76, దాంట్లో అదే మనిషి 22 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ వాళ్ల పక్కన నిలబెడితే తలంత ఎత్తు తేడా వస్తుంది. అలాంటివాళ్లను కూర్చోబెట్టండి, లేదా లేఅవుట్‌లో ముందు వరసకు తెచ్చేయండి. స్కేలు సరిపోయినా తేడా ఉంటే కాళ్ల కింది దిమ్మ చూడండి. ఒక్క మిల్లీమీటరు దిమ్మ అంటే మనిషి తొమ్మిది సెంటీమీటర్ల పీట ఎక్కి నిలబడినట్టే. దాన్ని కోసేసి, మడమలోని తీగను ప్లాట్‌ఫారంలో వేసిన రంధ్రంలోకి దించండి. తీగ దగ్గర ఒక చుక్క ఫెవికాల్ చాలు. రేపు ఇంకో చోట నిలబెట్టాలనుకుంటే తేలిగ్గా ఊడివస్తుంది.