ఎంజీబీలో జంట ఎస్‌యూ కార్బ్యురేటర్లు: ముందు గాలి, తర్వాతే పెట్రోలు

1962లో వచ్చిన బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీలోని 1798 సీసీ ఇంజన్‌కి తొలి ఏళ్లలో ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్4 కార్బ్యురేటర్లు (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపేవి) రెండు బిగించేవారు. ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజన్ నడక) నిలవకపోతే చాలామంది నేరుగా కార్బ్యురేటర్ కింద మిశ్రమాన్ని సర్దే నట్టు మీద చెయ్యేస్తారు. అది ఆఖరి పని.

ముందు ట్యాపెట్ల (వాల్వుల) సందు (ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు 0.38 మి.మీ.), ప్లగ్ గ్యాప్ (0.64 మి.మీ.), డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ (0.35–0.40 మి.మీ.), ప్లగ్గు నిప్పు పడే టైమింగ్ సరిచూసుకోండి. పాయింట్లు కాలిపోయి మిస్సింగ్ వస్తుంటే ఆ నింద కార్బ్యురేటర్‌కి తగులుతుంది.

తర్వాత ఎయిర్ ఫిల్టర్లు తీసి, రెండు కార్బ్యురేటర్లలోని పిస్టన్లనూ వేలితో పైకెత్తి వదలండి. రెండూ ఒకే వేగంతో దిగి, అడుగున టక్కున తగలాలి. తగలకపోతే డ్యాష్‌పాట్ (పిస్టన్ మీది గిన్నె) లోపల మురికైనా ఉండాలి, జెట్ (పెట్రోలు వచ్చే సన్నని గొట్టం) మధ్యలోంచి జరిగైనా ఉండాలి. మురికైతే పెట్రోలుతో తుడవండి, ఉప్పుకాగితం పెట్టకండి. ఒక కార్బ్యురేటర్ పిస్టన్‌ని ఇంకోదాని డ్యాష్‌పాట్‌లో వేయకండి, అవి జతలుగా తయారైనవి. పిస్టన్ కదలికని నెమ్మది చేసే డ్యాంపర్‌లో ఎస్ఏఈ 20 ఆయిల్, పిస్టన్ గొట్టం అంచుకి 13 మి.మీ. పైదాకా ఉండాలి. ఆయిల్ లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి గుటకేసి ఆగినట్టవుతుంది.

ఇక సెట్టింగ్ మొదలుపెట్టవచ్చు. చోక్ కేబుల్ వదులు చేయండి. డ్యాష్‌పాట్ విప్పి చూస్తూ, జెట్ పైకొస తన బ్రిడ్జితో (గాలిదారి అడుగున జెట్ చుట్టూ ఉన్న తలం) సమానమయ్యేదాకా కింది నట్టు పైకి బిగించండి. అక్కణ్నుంచి 12 ముఖాలు, అంటే రెండు పూర్తి చుట్లు, కిందికి తిప్పండి. నట్టు కిందికి పోతే రిచ్ (పెట్రోలు ఎక్కువ), పైకి వస్తే లీన్ (పెట్రోలు తక్కువ). కుడివైపా ఎడమవైపా అని ఆలోచిస్తే కింద నుంచి చూసేటప్పుడు తికమకే. డ్యాష్‌పాట్ తిరిగి బిగించాక, త్రాటిల్ స్పిండిళ్లని (గాలిదారి మూసే బిళ్లల ఇరుసులు) కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేసి, రెండు ఐడ్లింగ్ స్క్రూలనీ స్టాప్‌కి తగిలీ తగలనంత వెనక్కి తీసి, ఒకటిన్నర చుట్టు లోపలికి తిప్పండి.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక ఒక సన్నని రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస ఒక్కో కార్బ్యురేటర్ నోట్లో ఒకే చోట పెట్టి బుస వినండి. ఫ్లో మీటరుంటే మరీ మంచిది. రెండు బుసలూ ఒకేలా వచ్చేదాకా స్క్రూలు సర్దండి. గాలి సమానం కాకుండా మిశ్రమం సర్దితే ఒక లోపాన్ని ఇంకో లోపంతో కప్పినట్టే.

ఇప్పుడు ముందువైపు కార్బ్యురేటర్ పక్కనున్న పిన్ను నొక్కి పిస్టన్‌ని 0.8 మి.మీ. మాత్రమే ఎత్తండి. వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్. వెంటనే తగ్గినా, ఇంజన్ ఆగబోయినా లీన్. కాస్త పెరిగి మళ్లీ మామూలు వేగానికి వస్తే సరిగ్గా ఉన్నట్టు. నట్టు ఒక్కో ముఖం చొప్పునే తిప్పండి. వెనకదానికీ ఇదే పద్ధతి. ఒకదాన్ని మార్చాక మొదటిదాన్ని మళ్లీ చూడాలి, ఎందుకంటే ఒకదాని ప్రభావం రెండోదాని మీద పడుతుంది. ఈ సర్దుబాటు మూడు నిమిషాలకు మించితే అరనిమిషం ఇంజన్‌ని 2500 ఆర్పీఎం దగ్గర నడిపి, మ్యానిఫోల్డ్‌లో (కార్బ్యురేటర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే గొట్టాల్లో) చేరిన పెట్రోలు పోగొట్టాకే కొనసాగించండి. సైలెన్సర్ చప్పుడు కూడా గుర్తుపట్టొచ్చు: ఒకే లయలో మిస్సై నల్లపొగ వస్తే రిచ్, లయ తప్పి చిటపటలాడితే లీన్.

ముందు వదులు చేసిన కడ్డీ క్లాంపులు తిరిగి బిగించేటప్పుడు లింక్ పిన్నుకీ ఫోర్కుకీ మధ్య 0.3 మి.మీ. ఫీలర్ గేజ్ పెట్టండి. లేదంటే త్రాటిల్ పూర్తిగా మూసుకోదు. చివర్లో చోక్ కేబుల్‌కి కొంచెం ఆట (వదులు) ఉంచి బిగించి, ఫిల్టర్లు వేసి, రోడ్డు మీద నడిపి ప్లగ్గులు చూడండి: లేత గోధుమరంగు కావాలి, మసి పడితే రిచ్, తెల్లబారితే లీన్.

ఇంత చేసినా ఐడ్లింగ్ ఎక్కుతూ దిగుతూ ఉంటే త్రాటిల్ స్పిండిల్‌ని పట్టుకుని ఊపండి. ఆట తెలిస్తే గాలి అక్కణ్నుంచే దూరుతోంది. అప్పుడు స్క్రూలతో పని లేదు, స్పిండిళ్లు, బుష్‌లు మార్చాలి.