చలికాలంలో షియోన్ కోటకి అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నారా, ఇవి చూసుకోండి

డిసెంబర్ సెలవులకి పేరెంట్స్ వస్తున్నారంటే యూరప్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది స్విట్జర్లాండ్ ప్లాన్ వేస్తారు, అందులో మాంట్రో అనే ఊరు, ఆ పక్కనే జెనీవా సరస్సులో బండ మీద కట్టిన షియోన్ కోట ఉండాల్సిందే. వెళ్ళండి, బావుంటుంది. కానీ చలికాలంలో అక్కడ కోట లోపల కన్నా బయట నీళ్ళ దగ్గరే ఎక్కువ ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

ముందు గాలి సంగతి. ఈశాన్యం నుంచి కొట్టే చలిగాలిని అక్కడ బీజ్ అంటారు, యాప్‌లో 4 డిగ్రీలు చూపించినా ఒంటికి మైనస్‌లో ఉన్నట్టే ఉంటుంది, అది ఎలాగూ బయట కాలు పెట్టగానే తెలిసిపోతుంది. అసలు మోసం చేసేది వోదేర్ అనే గాలి. రోన్ లోయ వైపు నుంచి దిగుతుంది, అప్పుడు చలి కూడా కాస్త తగ్గినట్టు ఉంటుంది, ఆకాశం క్లియర్‌గా ఉండొచ్చు, అబ్బ ఎంత బావుందో అని సెల్ఫీ కోసం గట్టు చివరిదాకా వెళ్తాం, చూస్తుండగానే అలలు రాళ్ళ మీదకి ఎగిరి పడతాయి. సరస్సు ఒడ్డున ఆరెంజ్ లైట్లు ఉంటాయి చూడండి, నిమిషానికి 40 సార్లు వెలిగి ఆరుతుంటే జాగ్రత్త అని, 90 సార్లయితే తుఫాను గాలి వచ్చేస్తోందని. నిలబడి లెక్కపెట్టక్కర్లేదు, లైటు గబగబా కొట్టుకుంటోందంటే బోటు ప్లాన్ మానేసి గట్టు దిగి వచ్చేయండి.

ఈ సరస్సు బాగా లోతైన చోట 310 మీటర్లు, కోట దగ్గర కూడా ఒడ్డు దాటితే లోతే. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి పైనీళ్ళు 6, 7 డిగ్రీలకి పడిపోతాయి, అందులో పడితే ఈత వచ్చినవాడికైనా మొదటి నిమిషంలోనే ఊపిరి అందదు. ఎవరైనా పడితే వెనకాలే దూకేయకండి, దగ్గర్లో లైఫ్ ట్యూబ్ ఉంటే విసిరి, వెల్లకిలా తేలమని అరుస్తూ, అక్కడి అంబులెన్స్ నంబర్ 144కి ఫోన్ చేయండి.

మాంట్రో నుంచి సరస్సు పక్కనే నడుచుకుంటూ వెళ్తే ముప్పావు గంట పడుతుంది, అంతా చదునే, కానీ పొద్దున్నే మంచు పట్టి జారుతుంది. సాక్స్ మీద చెప్పులేసుకుని వచ్చే ఆంటీలు మనవాళ్ళలో ఇంకా ఉన్నారు, వద్దు, గ్రిప్ ఉన్న బూట్లే వేయించండి. చీర కూడా ఆ ఒక్క రోజుకి పక్కన పెడితే మంచిది, ఎందుకంటే లోపల మెట్లు ఇరుకు, నిటారు, కుచ్చిళ్ళు ఒక చేత్తో రెయిలింగ్ ఒక చేత్తో పట్టుకుని దిగడం కష్టం. పెద్ద బురుజు మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి వద్దే వద్దు. వాళ్ళని కింద నేలమాళిగ చూపించి ఆపేయండి, అప్పటి పాలకుణ్ణి ఎదిరించిన బోనివార్ అనే జెనీవా మతగురువుని స్తంభానికి గొలుసుతో కట్టి 1536 దాకా బంధించింది అక్కడే, 1816లో వచ్చిన కవి బైరన్ పేరు కూడా ఒక స్తంభం మీద చెక్కి ఉంటుంది. అక్కడ నేల ఎగుడుదిగుడు, వెలుతురు తక్కువ, పైకి చూస్తూ నడిస్తే కాలు మడత పడుద్ది. స్ట్రోలర్ తేకండి, పాపని ఎత్తుకునే క్యారియర్ బెటర్.

నవంబర్ నుంచి మార్చి దాకా కోట పదింటికి తీసి ఐదింటికి మూసేస్తారు, లోపలికి పంపేది నాలుగింటి వరకే, డిసెంబర్ 25న, జనవరి 1న సెలవు. అయినా వెళ్ళే ముందు వెబ్‌సైట్‌లో ఒకసారి టైమింగ్స్ చూసుకోండి. డిసెంబర్‌లో ఐదు కాకముందే చీకటి పడుతుంది కాబట్టి తిరుగు నడక పెట్టుకోకండి, 201 నంబర్ బస్సు కోట దగ్గరే ఆగుతుంది. పెద్ద రైళ్ళు కోట స్టాప్‌లో ఆగవు, మాంట్రోలో దిగి మారాల్సిందే, క్రిస్మస్ మార్కెట్ టైములో ఆ స్టేషన్ కిటకిటలాడుతుంది, పాస్‌పోర్టులు నాన్నగారి వెనక జేబులో పెట్టనివ్వకండి.

మాంట్రో పైన ఉండే రోషే ద నే కొండ కూడా అదే రోజు ఎక్కేద్దాం అంటారు కొందరు. 2042 మీటర్లు, పైన పూర్తిగా మంచు, గుండె జబ్బులున్నవాళ్ళయితే ముందే డాక్టర్ని అడగండి, దానికి వేరే రోజు పెట్టుకోండి. బీపీ, షుగర్ మాత్రలు మాత్రం హోటల్ సూట్‌కేస్‌లో కాదు, వాళ్ళ కోటు జేబులోనే ఉండాలి.