పెళ్లికొడుకుని గుర్రం ఎక్కించే ముందు

విజయనగరంలో పెళ్లి ఊరేగింపుకి గుర్రం మాట్లాడుకున్నారా? ముందు ఇవి చూసుకోండి.

- గుర్రానికి సరిగ్గా తన వెనక ఏముందో కనపడదు. పిల్లల్ని అటు అస్సలు వెళ్లనివ్వకండి. ఎడమ భుజం వైపు నుంచి, పిలుస్తూ మెల్లగా దగ్గరికెళ్లండి.
- చెవులు వెనక్కి తలకి అంటుకుపోయాయా? ఆగండి, అది చిరాకులో ఉంది.
- తాడు చేతికి చుట్టుకోవద్దు, మడతపెట్టి పట్టుకోండి. మా బావ చుట్టుకున్నాడు. టపాసు పేలగానే గుర్రం ఒక్క లాగు లాగింది, చూపుడువేలు విరిగింది. అందుకే టపాసులు, డీజే బాగా దూరంగా పెట్టించండి.
- ఎక్కే ముందు జీను బెల్టు మళ్లీ బిగించాలి.
- రికాబులో (జీనుకి వేలాడే, కాలు పెట్టే కొండీలో) పాదం ముందు భాగమే పెట్టాలి. మొత్తం దూరిస్తే, పడినప్పుడు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది.
- తలపాగా తలని కాపాడదు. ఫొటోలయ్యాక హెల్మెట్ పెట్టండి.
- పడి, మెడ నొప్పంటే కదపకుండా 108కి ఫోన్ చేయండి.