గాలివాన తర్వాత కొండవాలు తోటలోకి వెళ్లే ముందు

గాలివాన వెలవగానే మనసు పడిపోయిన చెట్ల మీదికే పోతుంది. కానీ వాలు మీది తోటలో ముందు నేలను చూడాలి. వాన ఆగినా నీరు లోపల్లోపల దిగుతూనే ఉంటుంది. అందుకే ఎండ వచ్చాక కూడా మట్టి జారిపోయే ప్రమాదం ఉంటుంది.

కరెంటు తీగ తెగిపడి ఉంటే మాత్రం గేటు కూడా తెరవకండి. తడి నేల గుండా కరెంటు పాకుతుంది. తీగకు తగిలిన కొమ్మనూ, ఇనుప కంచెనూ కూడా తీగలాగే చూడాలి. కనీసం 10 మీటర్ల దూరంలో ఉండి విద్యుత్ సిబ్బందిని పిలవండి.

ఆ భయం లేదనుకున్నాక, పక్కన గట్టి నేల మీద నిలబడి వాలంతా పరికించండి. పైభాగంలో అడ్డంగా కొత్త పగుళ్లు వచ్చాయా? కింది అంచున మట్టి ఉబ్బిందా? చెట్లు, కంచె స్తంభాలు కొత్తగా ఒరిగాయా? ఎప్పుడూ లేని చోట బురదనీరు ఊరుతోందా? ఒక్కటి కనిపించినా లోపలికి వెళ్లొద్దు, కింద ఉండేవాళ్లను కూడా పక్కకు రమ్మనండి. అడ్డుగోడ పొట్ట ఉబ్బిందంటే వెనక నీరు నిలిచి నెడుతోందని అర్థం. నీరు పోయే రంధ్రాలు పూడాయి కదా అని దాని కింద నిలబడి పొడవకండి.

మెట్ల కింద మట్టి కొట్టుకుపోయి పైరాయి మాత్రమే నిలిచి ఉండొచ్చు. కర్రతో తట్టి చూశాకే అడుగు వేయండి. నిటారుగా దిగకుండా ఏటవాలుగా నడవండి. ఒకరికి సరిగ్గా దిగువన మరొకరు ఉండకూడదు. చెత్త కుప్పల్లో పాములు, తేళ్లు చేరతాయి, చేయి పెట్టకండి. కాలికి పుండు ఉంటే బురదలోకి దిగొద్దు.

నాకు అన్నిటికన్నా టెన్షన్ చెట్ల కోత దగ్గరే. మరో చెట్టు కింద వంగి ఇరుక్కున్న కొమ్మ విల్లులా బిగుసుకుని ఉంటుంది, కోత పడగానే ఎగిరి కొడుతుంది. వేళ్లతో సహా ఒరిగిన చెట్టు మాను కోస్తే, బరువు తగ్గిన వేళ్ల పెళ్ల ఒక్కసారిగా గుంటలోకి వాలుతుంది. ఆ గుంటలో ఎవరూ ఉండకూడదు. పెద్ద చెట్లనూ, పైన చిక్కుకుని వేలాడే కొమ్మలనూ పని తెలిసినవాళ్లకే వదిలేయండి. నిచ్చెన ఎక్కి మెషీన్ రంపం అసలు వద్దు. నేల మీది దుంగను కోసేటప్పుడు ఎగువ వైపే నిలబడండి, తెగితే అది దిగువకే దొర్లుతుంది.

చేతికి అందే విరిగిన కొమ్మకు మూడు కోతలు పెట్టాలి. మానుకు ఒక అడుగు దూరంలో కింది నుంచి కొంచెం, దానికి కాస్త అవతల పై నుంచి పూర్తిగా, చివరికి మిగిలిన మోడును మాను దగ్గరి ఉబ్బు బయట. ఇలా చేస్తే బెరడు చీలదు. గాయానికి పెయింట్ అక్కర్లేదు.

పిడికిట్లో పిసికితే మట్టి జిగటగా ముద్ద కడుతోందంటే నాటడానికి తొందరపడకండి. ఆ తడిలో తొక్కితే నేల గట్టిపడి వేళ్లకు గాలి అందదు. ఈలోగా పూడిన కాలువలు తెరిచి, పై నుంచి వచ్చే నీటిని మట్టి తెగిన చోటికి రాకుండా మళ్లించండి. వేళ్లు బయటపడ్డ చిన్న మొక్కల విషయంలో మాత్రం ఆలస్యం చేయకూడదు. తడిగోనె కప్పి, వీలైనంత త్వరగా నిలబెట్టి, ఊతకర్రకు వదులుగా కట్టండి. ఏడాదిలోపు ఆ కట్టు విప్పేయాలి. చచ్చిన చెట్ల మొదళ్లను తవ్వకండి, కుళ్లేదాకా ఆ వేళ్లే మట్టిని పట్టి ఉంచుతాయి. బోసిపోయిన నేల మీద కొబ్బరిపీచు చాపలు పరిచి మేకులు దిగ్గొట్టండి. వెచ్చని చోట్లయితే వాలుకు అడ్డంగా వట్టివేరు వరసలు నాటండి. దాని వేళ్లు పక్కలకు పాకకుండా నిటారుగా లోతుకు దిగుతాయి.