కొత్త బేరింగ్ వేసినా కారు వెనక చక్రం ఆడుతుంటే ఎక్కడ వెతకాలి

బేరింగులు కొత్తవి వేశారు, అంతా బిగించారు, బండి కిందికి దించేముందు ఒకసారి చక్రం పట్టుకుని ఊపితే లొడుక్కుమంది. వెంటనే ఎవరికైనా పార్టు మీదే అనుమానం వస్తుంది. తొందరపడి ఇంకో జత కొనకండి. మంచి కంపెనీ బేరింగ్ పెట్టెలోంచే లూజుగా రావడం అరుదు. నట్టు, కప్పు (బేరింగ్ బయటి రింగు) కూర్చున్న చోటు, స్టబ్ యాక్సిల్ (బేరింగ్ ఎక్కే చిన్న ఇరుసు), అసలు బేరింగ్‌తో సంబంధమే లేని సస్పెన్షన్ బుష్ (లింకుల కీళ్లలో ఉండే రబ్బరు తొడుగు), వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

ముందు లూజు ఎక్కడుందో తేల్చుకోవాలి. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, జాకీతో లేపి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం గుంజడం మాత్రం చేయొద్దు. తర్వాత హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా వదిలేయండి, ఎందుకంటే చాలా కార్లలో అది పట్టుకునేది వెనక చక్రాలనే, వేసి ఉంటే ఉన్న లూజు కూడా చేతికి తెలియదు. వీల్ నట్లు బిగువుగా ఉన్నాయో లేదో కూడా ఇప్పుడే చూసేయండి. చక్రం బిగించే హబ్ ముఖం మీద తుప్పు పేరుకుని చక్రం సరిగ్గా ఆనకపోయినా అచ్చం బేరింగ్ లూజులాగే ఉంటుంది.

ఇక చేతులు గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట పెట్టి ఒకదానితో లాగుతూ రెండోదానితో నెట్టండి, తర్వాత 3, 9 దగ్గర అలాగే చేయండి. ఈ రెండు చోట్లా ఒకేలా కదిలితే బేరింగ్ వైపు అనుమానం. 3, 9 దగ్గరే కదిలి 12, 6 దగ్గర గట్టిగా ఉంటే సస్పెన్షన్ లింకులు, బుష్‌లు చూడాలి. అయినా అనుమానం తీరకపోతే ఒకరిని లోపల కూర్చోబెట్టి బ్రేక్ గట్టిగా తొక్కమనండి. లూజు మాయమైతే అది బేరింగ్ దగ్గరిదే, బ్రేక్ తొక్కినా అలాగే ఉంటే బేరింగ్‌ని వదిలేసి వెనక ఆర్మ్, బుష్, వాటి బోల్టులు చూడండి. ఈ చిన్న పరీక్ష చేయకుండా బ్రేక్ డ్రమ్ విప్పకండి.

బ్రేక్ తొక్కితే లూజు పోతోంది, బండిది టేపర్ రోలర్ బేరింగ్

అంటే లోపల ఒకటి, బయట ఒకటి, మధ్యలో గ్రీజు, చివర గాళ్లున్న క్యాజిల్ నట్టు, అది తిరగకుండా పట్టే స్ప్లిట్ పిన్ ఉండే రకం. ఇందులో నట్టే సెట్టింగ్. డ్రమ్ తిప్పుతూ నట్టు బిగించాలి, అప్పుడే రోలర్లు తమ చోట్లో కూర్చుంటాయి. తర్వాత వదులు చేసి, మళ్లీ ఎంత బిగించాలన్నది ఆ బండి మాన్యువల్ చెప్పినట్టే చేయాలి. చాలావాటిలో చేత్తో తిప్పితే ఆగేంత వరకే. పిన్ రంధ్రం కలవకపోతే నట్టుని కొంచెం వెనక్కి తిప్పి కలపండి, ముందుకి బిగించి కాదు. ఈ రకంలో చాలా బండ్లకు మిల్లీమీటరులో పదో వంతు లోపు లూజు ఉండాలి కూడా, టైరు అంచు దగ్గర అది ఇంకాస్త పెద్దగా తెలుస్తుంది. దాన్ని చూసి కంగారుపడి బిగించేస్తే బేరింగ్ వేడెక్కి, గ్రీజు కరిగి, చివరికి పట్టేస్తుంది. కొద్దిపాటి లూజు కంటే ఇది ఎక్కువ ప్రమాదం.

సెట్ చేసిన రోజు బాగుండి, కొన్ని కిలోమీటర్లు తిరిగాక లూజు వచ్చిందా? అయితే డ్రమ్‌లోకి కొట్టిన కప్పు అడుగుదాకా దిగలేదన్నమాట. నాకు ఎడమ చక్రంతో ఇదే జరిగింది. రెండుసార్లు నట్టు సరిచేశాను, రెండుసార్లూ మళ్లీ వదులైంది. మూడోసారి కప్పు తీసి చూస్తే దాని వెనక గట్టులో పాత గ్రీజు, లోహపు తునక ఇరుక్కుని ఉన్నాయి. ఆ చోటు శుభ్రంగా తుడిచి, కప్పుని చుట్టూ సమానంగా కొడుతూ వెళ్లండి, అడుగుకి తగలగానే దెబ్బ శబ్దం మారి గట్టిగా మోగుతుంది. ఆ తేడా వినేదాకా ఆపొద్దు. పాత కప్పులో కొత్త కోన్ (రోలర్లున్న లోపలి భాగం) వేసి సరిపెట్టడం కూడా వద్దు, రెండూ జతగానే మార్చాలి.

సీల్డ్ బేరింగ్ లేదా హబ్ యూనిట్

ఇది గ్రీజుతో సహా మూసి వచ్చే రకం, ఇందులో చేత్తో సెట్ చేసేది ఏమీ లేదు, చక్రం పట్టి ఊపితే చేతికి లూజు తగలకూడదు. డయల్ గేజ్ (సన్నని కదలికని కొలిచే మీటరు) ఉంటే హబ్ ముఖం మీద పెట్టి చూడండి, చాలా మాన్యువల్స్ ఇచ్చే హద్దు 0.05 మి.మీ., అది దాటితే మొదటి అనుమానం హబ్ నట్టు మీదే. బేరింగ్ లోపలి రేసుని, అంటే లోపలి రింగుని, నొక్కి పట్టేది ఆ నట్టు బిగువే కాబట్టి ఇంపాక్ట్ గన్‌తో కొట్టి వదిలేస్తే సరిపోదు, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో (బిగువు కొలిచే స్పానర్) మీ మోడల్‌కి చెప్పిన అంకెకి చేయాలి. అది కూడా చక్రం గాల్లో ఉండగానే, బ్రేక్ పట్టి. వదులు నట్టు మీద బండి బరువు దించి కదిలిస్తే కొత్త బేరింగ్ కూడా పాడవుతుంది. ఒకసారికే వాడాల్సిన నట్టయితే కొత్తదే వేయండి.

నట్టు సరిగ్గానే ఉంటే వాషర్ మర్చిపోయారా, సర్క్లిప్ (బేరింగ్‌ని పట్టి ఉంచే స్ప్రింగ్ రింగు) గాడిలో పూర్తిగా కూర్చుందా, బోల్టులతో బిగించే యూనిట్ అయితే దాని వెనక తుప్పు గీకారా అన్నవి చూడండి. ప్రెస్ చేసేటప్పుడు లోపలి రేసు మీద నొక్కి బయటి రేసుని దింపి ఉంటే బాల్స్ గాట్లు పెట్టేసి ఉంటాయి, లూజు కంటే ముందు గుర్రుమనే శబ్దం వస్తుంది. దానికి మరమ్మతు లేదు, మళ్లీ కొత్తది వేయాల్సిందే.

అన్నీ సరిగ్గా ఉన్నా లూజు పోవడం లేదు

పాత బేరింగ్ చాలాకాలం అరిగినా అలాగే తిప్పిన బండ్లలో లోపలి రేసు స్టబ్ యాక్సిల్ మీద తిరిగి దాన్ని అరగదీసి ఉంటుంది. యాక్సిల్ తుడిచి చూడండి, నీలం మచ్చలు, వేలికి తగిలే గాడి, కొత్త రేసు అటూ ఇటూ ఊగడం కనిపిస్తే యాక్సిల్ మార్చాలి. టేపర్ రకంలో రేసు చేత్తో జారడం మామూలే, ఊగడం మాత్రం కాదు. పంచ్‌తో చుక్కలు కొట్టి బిగువు చేసేవాళ్లు ఉన్నారు, కొద్ది రోజుల్లో ఆ చుక్కలు అణిగి మొదటికొస్తుంది, దయచేసి వద్దు. హబ్ వైపు కూడా ఇంతే, ప్రెస్‌తో దిగాల్సిన బేరింగ్ చేత్తో నొక్కితే దిగిపోతే హబ్ అరిగిందని అర్థం.

సరిచేశాక ఓ పది పదిహేను కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి ఆపి, రెండు వెనక హబ్‌ల దగ్గరా చెయ్యి మెల్లగా, ముందు దూరం నుంచే పెట్టి చూడండి. ఒక వైపు రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే బేరింగ్ బిగుసుకుంది, లేదా ఆ వైపు బ్రేక్ పట్టేస్తోంది. మళ్లీ లేపి, చక్రం చేత్తో తిప్పి, 12, 6 దగ్గర ఊపి చూసి, వీల్ నట్లు ఇంకోసారి టార్క్ చేయండి.