రొమాంటిక్ కామెడీలో మొదటి సీన్‌ని ఎలా చూడాలి
బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీ హాస్టల్లో శనివారం రాత్రి మేం చేసేదిదే, మీరూ చేసి చూడండి. మొదటి సీన్ ఒకసారి మామూలుగా, రెండోసారి మ్యూట్‌లో చూడండి. మాటలు లేకపోతే ఎవరు ఎవరికి ఎంత దూరంలో కూర్చున్నారో ఇట్టే తెలుస్తుంది.

1989 నాటి హాలీవుడ్ సినిమా ‘వెన్ హ్యారీ మెట్ శాలీ’ తీసుకోండి. ముందు కనిపించేది హీరో హీరోయిన్లు కాదు, సోఫాలో కూర్చుని తాము ఎలా కలిశారో చెప్పే ఒక ముసలి జంట, అంటే ఇది కలిసే కథేనని సినిమా అప్పుడే మాటిచ్చేసింది, ఇక ‘ఎలా’ అన్నదే మిగిలింది. తర్వాత 1977, షికాగో నుంచి న్యూయార్క్‌కి హ్యారీ, శాలీల కారు ప్రయాణం. ఆమె 18 గంటల దారిని మూడేసి గంటల చొప్పున ఆరు షిఫ్టులుగా ముందే పంచేసుకుంది; అతను ద్రాక్ష తింటూ గింజని కిటికీ వైపు ఊస్తాడు, అద్దం మూసే ఉంది! ఎంత గొప్ప రాతో చూడండి, ఇద్దరి స్వభావాలూ ఒక్క గింజతో తేలిపోయాయి. ఇలాంటి వస్తువునే వెతకండి.

ఆఖరున ఇద్దరికీ ఏం కావాలో ఒక్కో వాక్యం రాసుకోండి. రాయలేకపోతే సీన్ మళ్లీ పెట్టండి.