పసుపు లివర్ క్యాన్సర్‌ని చంపుతుందని మెసేజ్ వస్తే ఎలా చదవాలి

మా పర్లాకిమిడి సంతలో కంధమాల్ పసుపు కొంటుంటే మావయ్య ఫోన్ చూపించాడు, ఇది తింటే లివర్ క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయట. అబద్ధం కాదు గానీ, సగమే.

ముందు ఆ ప్రయోగం ఏ కణాల మీద చేశారో చూడండి. హెప్‌జీ2 అని ఉంటే అవి ప్లాస్టిక్ గిన్నెలో పెంచినవి. పైగా ఏళ్ల తరబడి వాటిని పెద్దల లివర్ క్యాన్సర్ అనుకున్నారు గానీ, అవి 15 ఏళ్ల కుర్రాడి కణితిలోంచి తీసినవి, పిల్లల్లో వచ్చే హెపటోబ్లాస్టోమా అనే లివర్ క్యాన్సర్ రకం.

తర్వాత ఎలా చచ్చాయో వెతకండి. పసుపులోని కర్కుమిన్ లాంటివి కణం మీద ఒత్తిడి పెంచితే బాక్స్ అనే ప్రోటీన్, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పైపొరకు చిల్లులు పెడుతుంది (దాన్ని ఆపే బీసీఎల్-2 అనే ప్రోటీన్ తగ్గాలి), అందులోంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి కారి కాస్పేస్-9 అనే కోత ఎంజైమ్‌ని లేపుతుంది, అది కాస్పేస్-3ని లేపుతుంది, ఇక ఇది కణాన్ని లోపల్నుంచి కోసేస్తుంది. కణం ముడుచుకుని, బుడగలు లేచి, ముక్కలైపోతుంది. అపోప్టోసిస్, అంటే కణం తనను తానే చంపుకోవడం, ఇదే. కాస్పేస్ ఊసు లేకుండా "కణాలు తగ్గాయి" అని మాత్రమే రాస్తే చచ్చాయో, పెరగడం మానేశాయో తెలీదు. ఆరోగ్యంగా ఉన్న లివర్ కణాల మీద కూడా పరీక్షించారా?

అసలు మెలిక మోతాదులో ఉంది. పసుపులో కర్కుమిన్ నూటికి సుమారు 3 పాళ్లు. మింగినదాన్ని కూడా పేగూ లివరూ మార్చి బయటికి తోసేస్తాయి, గిన్నెలో పోసినంత రక్తంలోకి రాదు. మిరియాల సారం కలిపిన పసుపు మాత్రలు వేసుకుని లివర్ పాడైనవాళ్లూ ఉన్నారు. మావయ్యకి అదే చెప్పా, కూరలో ఎంతైనా వేసుకో, మాత్రలు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వద్దని.